సి భాషలో నిర్దేశము: సలహాయా, శాసనమా?

గత వేసవిలో మేము గంభీరావుపేటలో మా అక్కగారి ఇంట నాలుగు దినములు గడిపితిమి. పగటి యెండ తగ్గిన పిమ్మట వాకిట మంచము వాల్చుకొని కూర్చుండగా, ఇంజనీరింగు చదువుచున్న మా మేనల్లుడు ల్యాప్‌టాప్ చేతబట్టుకొని వచ్చి ప్రక్కన కూర్చుండెను. అతని ముఖమున చిరాకు కనబడుచుండెను.

“మామా, దీనికి దయ్యం బట్టింది. నిన్న ఒక లెక్క చెప్పింది, ఇయ్యాల ఇంకోటి చెప్తున్నది. నేను ఒక్క అక్షరం గూడ మార్చలే,” అన్నాడు.

యంత్రమే చెడినదేమో అని మేము అంటిమి. “లేదు మామా, దోస్తు ల్యాప్‌టాప్ మీద గూడ చూసిన. ఆడ ఇంకో లెక్క వచ్చింది,” అని అతడు బదులు చెప్పెను.

అతడు వ్రాసినది చిన్న ప్రోగ్రాము. పది లక్షల పూర్ణాంకములను ఒకటి వెంట ఒకటి కూడి, మొత్తము చెప్పుట దాని పని. సి భాషలో వ్రాసినాడు. మొదట వ్రాసిన రూపము ఎన్ని మారులు నడిపినను ఒకే మొత్తము చెప్పినది. పిమ్మట, పని త్వరగా తెమలవలెనని, కూడిక చేయు భాగమునకు పైన ఒకే ఒక పంక్తి చేర్చినాడు. ఆ పంక్తి ప్రోగ్రాములో పనిచేయు వాక్యము కాదు. కంపైలరును ఉద్దేశించి వ్రాసిన సూచన. దాని తాత్పర్యము: “ఈ పనిని పలువురకు పంచి ఒకేసారి చేయింపుము.” ఆ పంక్తి ఉన్నచో ప్రతిమారు వేరు వేరు మొత్తములు. ఆ పంక్తి తీసివేసినచో మరల సరియైన లెక్క.

“పని ఎట్ల జెయ్యాల్నో చెప్పిన గని, లెక్క మార్చమని నేను చెప్పిన్నా?” అని అతడు అడిగిన ప్రశ్న మమ్ములను ఆలోచింపజేసినది. ఆ ప్రశ్నకు గల చరిత్ర అరువది సంవత్సరములకు పైబడినది. కంపైలరుకు ఇచ్చు నిర్దేశము ప్రోగ్రాము యొక్క అర్థమును మార్చవచ్చునా? మార్చినచో అది ఎవరికి, ఎట్లు తెలియవలెను? నేటి మా ప్రసంగమునకు ఇదియే విషయము.

కంపైలరు అనగా ఏమో ముందుగా రెండు మాటలలో చెప్పుకొందము. మనుష్యుడు చదువదగిన భాషలో వ్రాసిన ప్రోగ్రామును యంత్రము నడుపదగిన ఆజ్ఞలుగా అనువదించు మరియొక ప్రోగ్రామే కంపైలరు. మంచి అనువాదకుడు మూలములోని భావమును మార్చడు. చెప్పు తీరును మాత్రము తన భాషకు తగినట్లు దిద్దుకొనును. కంపైలరు ధర్మమును అంతే. లెక్క మారకుండవలెను, త్వరగా తెములునట్లు పనిని ఎట్లు అమర్చుకొన్నను ఆక్షేపణ లేదు. ఇట్టి అనువాదకునికి మూలగ్రంథమునకు వెలుపల మనము చెప్పు మాటలే నిర్దేశములు.

ఆ మాటలు ఎన్ని తీరులుగా ఉండవచ్చునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. గంభీరావుపేటకు జిల్లా కేంద్రమైన సిరిసిల్లలో సాంచాలు నడుచుచున్నవి. యజమాని ఆసామికి నూలు ఇచ్చి బట్ట నేయింపగోరునపుడు, చీటీపై మూడు మాటలు వ్రాసినాడని అనుకొందము. మొదటి మాట: “దీనిని మీ మంచి సాంచాపై వేయుడు, త్వరగా తెములును.” ఇది సలహా. ఆసామి పాటించినను పాటింపకున్నను బట్ట ఒక్కటే. రెండవ మాట: “పన్నా ఇన్ని అంగుళములే ఉండవలెను.” ఇది ఆజ్ఞ. ఆసామి దీనిని చూడక విడిచినచో నేసిన తానులన్నియు వ్యర్థము. మూడవ మాట: “ఈ నూలంతయు ఒకే రంగు లాటుది.” ఇది హామీ. ఆ మాటను నమ్మి ఆసామి ఏ కండెనైనను ఏ సాంచాపైనైనను వాడుకొనును. హామీ నిజమైనచో మేలు; అబద్ధమైనచో బట్ట పొడవునా చారలు పడును. అప్పుడు తప్పు నేసినవానిది కాదు, మాట ఇచ్చినవానిది.

సలహా, ఆజ్ఞ, హామీ — ఈ మూడింటికి మూడు విధములైన మర్యాదలు. ఈ వివేకము మనకు క్రొత్తది కాదు. మీమాంసకులు వేదవాక్యములందు విధి యేది, అర్థవాదము ఏది అని వేరుపరచి, దేనికి ఎంత బలమో నిర్ణయించుటకు ఎంతయో శ్రమపడినారు. కంప్యూటరు భాషల కర్తలు ఈ మూడింటిని ఒకే దుస్తులలో నిలువబెట్టినారు. మా మేనల్లుని చిక్కునకు మూలము అదియే.

ఈ చరిత్రకు ఆరంభము మిక్కిలి సాధువైనది. 1957లో ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ నాయకత్వమున ఫోర్ట్రాన్ భాష వెలువడినది. ఆ మొదటి ఫోర్ట్రాన్‌లో ఫ్రీక్వెన్సీ అను వాక్యము ఒకటి ఉండెడిది. ప్రోగ్రాము ఒక కూడలికి వచ్చి రెండు మూడు దారులలో ఒకదానిని పట్టవలసి వచ్చినపుడు, ఏ దారిన ఎన్ని మారులు పోవుట కలదో వ్రాయువాడు ఆ వాక్యములో తెలుపవచ్చును. కంపైలరు ఆ అంచనాను బట్టి, ఎక్కువగా నడుచు దారికి యంత్రములోని కొలది వసతులను కేటాయించును. అంచనా తప్పినను లెక్క తప్పదు. కొంత ఆలస్యమగును, అంతే. ఇది శుద్ధమైన సలహా. తరువాతి ఫోర్ట్రాన్ రూపములలో ఈ వాక్యము నిలువలేదు గాని, నిర్దేశమునకు ఆదర్శముగా చెప్పదగినది అదియే.

తరువాత వచ్చిన ఆల్గాల్ 68 భాషలో ఇట్టి సూచనలకు ప్రాగ్మాట్ అని పేరు పెట్టినారు. 1983లో ప్రమాణముగా వెలువడిన ఏడా భాష ఆ పేరును ప్రాగ్మా అని కుదించినది. కార్యము అను అర్థము గల గ్రీకు పదమునకు ఇది చుట్టము. కంపైలరుకు తెలియని ప్రాగ్మా కనబడినచో దానికి ఏ ప్రభావమును ఉండరాదని ఏడా నియమించినది. సలహాల విషయమున ఇది మంచి నియమము. ఆజ్ఞల విషయమున?

ఇక సి భాష. 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ దీనిని రూపొందించినాడు. 1973లో యూనిక్స్ అను నిర్వాహక వ్యవస్థను ఈ భాషలో తిరుగ వ్రాసినారు. బ్రియాన్ కెర్నిహాన్, రిచీ కలిసి వ్రాసిన గ్రంథము 1978లో వెలువడిన పిమ్మట సి భాష ప్రపంచమంతటను వ్యాపించినది. ఆ తొలి సి భాషలో రిజిస్టర్ అను పదము ఉండెను. “ఈ అంకె మాటిమాటికి అవసరము, దీనిని యంత్రమునకు అతి దగ్గరనున్న అరలో ఉంచుము” అని దాని భావము. ఇదియును సలహాయే. కంపైలరులు తెలివిమీరిన కొలది ఈ సలహాను వినుట మానినవి. అందువలన ఏ ప్రోగ్రాము లెక్కయు తప్పలేదు.

1983లో అమెరికా జాతీయ ప్రమాణ సంస్థ సి భాషకు ఒక కట్టుబాటు ఏర్పరచుటకు సంఘమును నియమించినది. ఆరు సంవత్సరముల వాదోపవాదముల పిమ్మట 1989లో ప్రమాణము సిద్ధమైనది. దానిలోనే ప్రాగ్మా సి భాషలో ప్రవేశించినది. ప్రమాణము దానికి ఇచ్చిన లక్షణము విచిత్రమైనది. ప్రాగ్మాను చూచినపుడు ఏమి చేయవలెనో ఆయా కంపైలరు కర్తయే నిర్ణయించుకొనవచ్చును. తనకు తెలియని ప్రాగ్మాను విస్మరింపవలెను. అనగా సలహా వ్రాయుటకును ఈ పంక్తియే, ఆజ్ఞ వ్రాయుటకును ఈ పంక్తియే. ఒక కంపైలరు శిరసావహించిన ఆజ్ఞను మరియొక కంపైలరు మాట్లాడక దాటిపోవచ్చును.

ఈ లక్షణముపై ఒక చమత్కారమైన నిరసన జరిగినది. 1987లో రిచర్డ్ స్టాల్మన్ జి.సి.సి. అను కంపైలరును ఉచితముగా లోకమునకు విడుదల చేసినాడు. ప్రమాణము ఇంకను చిత్తుప్రతిగా ఉన్న ఆ దినములలో, జి.సి.సి. యొక్క ఒక తొలి కూర్పు ప్రోగ్రాములో ప్రాగ్మా కనబడగనే అనువాదము ఆపి, నెట్‌హాక్, రోగ్ అను ఆటలను ఆరంభించుటకు ప్రయత్నించెడిది! ఏమి చేసినను కర్త ఇష్టమే అని ప్రమాణము చెప్పినది గదా. అయినచో ఆట ఆడుటయు ఒక ఇష్టమే. నవ్వు వెనుక వాదము గట్టిది. ఒకే పంక్తికి వేరొక కంపైలరులో ఏ అర్థమగునో చెప్పజాలనపుడు దానిని నమ్మి వ్రాయుట ఎట్లు? ఆ కారణముననే జి.సి.సి. వారు బహుకాలము ప్రాగ్మాను వీలైనంత దూరముగా ఉంచి, ఆట్రిబ్యూట్ అను తమ స్వంత విధానమును వాడినారు.

ఆ సంఘము ఎదుటనే హామీని గూర్చియు పెద్ద వివాదము వచ్చినది. నోఎలియస్ అను క్రొత్త పదమును చిత్తుప్రతిలో చేర్చినారు. “ఈ పేరుతో పిలువబడు వస్తువును మరియొక పేరుతో ఎవరును తాకుటలేదు” అని వ్రాయువాడు ఇచ్చు హామీ అది. హామీని నమ్మి కంపైలరు పనుల క్రమమును స్వేచ్ఛగా మార్చుకొనవచ్చును. 1988 మార్చిలో డెన్నిస్ రిచీ స్వయముగా సంఘమునకు తీవ్రమైన లేఖ వ్రాసినాడు. ఆ పదము కంపైలరుకు ఇచ్చు అనుమతి మితిమీరినదనియు, దాని వలన ప్రోగ్రాము అర్థము అయోమయమగుననియు, అది పోవలసినదేననియు ఆయన వాదము. భాషను సృష్టించినవాని మాటను సంఘము మన్నించి ఆ పదమును తొలగించినది. పదునొకండు సంవత్సరముల పిమ్మట, 1999 నాటి ప్రమాణములో అదే ప్రయోజనము రిస్ట్రిక్ట్ అను పదముగా తిరిగి వచ్చినది. ఈ మారు హామీ ఏ పేరుకు, ఎంత మేరకు, ఎంతసేపు వర్తించునో ప్రమాణములో నియమబద్ధముగా నిర్వచించినారు. హామీ అను దానిని నిషేధింప నక్కరలేదు. దానికి హద్దు కావలెను. రిచీ వివాదము నేర్పిన పాఠమిది.

ఆజ్ఞ సంగతి చూడుడు. ప్రాగ్మా ప్యాక్ అను నిర్దేశము ఒకటి వాడుకలో ఉన్నది. ఒక అక్షరమును, నాలుగు బైట్ల అంకెను కలిపి ఒక పద్దుగా వ్రాసినచో సాధారణముగా కంపైలరు ఆ రెంటి నడుమ కొంత ఖాళీ విడిచి, పద్దును ఎనిమిది బైట్లుగా చేయును. ప్యాక్ అను నిర్దేశము ఆ ఖాళీని తీసివేయించి పద్దును ఐదు బైట్లకు కుదించును. ఫైలులో పద్దులు ఐదేసి బైట్లుగా వ్రాయబడి ఉన్నవని అనుకొనుడు. ఈ నిర్దేశము తెలియని కంపైలరు దానిని విస్మరించి, ఎనిమిదేసి చొప్పున చదువుకొని పోవును. మొదటి పద్దులోనే అంకె చెడును. రెండవ పద్దు మూడవదానిలోనికి దొరలును. ఎక్కడను కేక లేదు, హెచ్చరిక లేకపోవచ్చును. చీటీలోని పన్నా కొలతను ఆసామి చదువక పోయినట్టిదే ఇది. ఇట్టి నిర్దేశము తెలియనపుడు కంపైలరు చేయవలసిన పని విస్మరించుట కాదు, “నాకు తెలియదు, అనువదింపను” అని ఆగిపోవుట.

ఇప్పుడు మా మేనల్లుడు వ్రాసిన పంక్తికి వత్తము. దాని పేరు ఓపెన్ ఎం.పి. ఒకే యంత్రములో పలు ప్రాసెసర్లు అమర్చు కాలము వచ్చినపుడు, పనిని వాటికి పంచు విధమును గూర్చి కంప్యూటరు సంస్థలు ఒక ఒడంబడికకు వచ్చినవి. 1997లో ఫోర్ట్రాన్‌కును, 1998లో సి, సి ప్లస్ ప్లస్ భాషలకును ఆ ఒడంబడిక మొదటి కూర్పులు వెలువడినవి. ఫోర్ట్రాన్‌లో ఈ నిర్దేశములను వ్యాఖ్య రూపమున వ్రాసినారు. సి భాషలో ప్రాగ్మా రూపమున వ్రాసినారు. ఉద్దేశము మంచిది. పాత కంపైలరు ఈ పంక్తులను దాటిపోయి, ప్రోగ్రామును ఒక్కడే చేయు పనిగా నడుపును. క్రొత్త కంపైలరు వాటిని గ్రహించి పదిమందికి పంచును. జి.సి.సి.లో సయితము అనువదించునపుడు ఒక మీట వేసిననే ఈ పంక్తులకు ప్రాణము. మీట వేయకున్న అవి లేనట్లే. ఒకే కాగితము, రెండు నడకలు.

రెండు నడకలును ఒకే లెక్కకు చేరవలెను గదా అని మనము అనుకొందుము. అట్లు చేరునట్లు వ్రాయవచ్చును. కాని చేరితీరవలెనను నిర్బంధమును ఆ ఒడంబడిక విధింపలేదు. పని పంచుకొన్నవారు ఒకరి పనిలో ఒకరు అడ్డు తగులుచున్నారా అని పరీక్షించు బాధ్యతను కూడ అది కంపైలరుపై మోపలేదు. ఆ బాధ్యత వ్రాయువానిదే. కావున “పంచుము” అను ఆ చిన్న పంక్తి చూపులకు సలహా; చేతకు ఆజ్ఞ; లోలోపల అది “ఈ పనులకు ఒకదానితో ఒకటి సంబంధము లేదు” అను హామీ. వ్రాసిన విద్యార్థికి తాను హామీ ఇచ్చుచున్నట్లే తెలియదు.

ఆ హామీ ఎట్లు అబద్ధమైనదో ధాన్యపు కొనుగోలు కేంద్రమునకు పోయి చూతము. ఇద్దరు గుమాస్తాలు, ఒకే చిట్టా. చిట్టాలో మొత్తము 400 బస్తాలని ఉన్నది. ఒక గుమాస్తా 400 చూచి, తన వద్దకు వచ్చిన 30 మనసులో కూడుచున్నాడు. అదే క్షణమున రెండవవాడును 400 చూచి, తన 50 కూడుచున్నాడు. మొదటివాడు 430 వ్రాసినాడు. రెండవవాడు దానిని కొట్టివేసి 450 వ్రాసినాడు. ఉండవలసినది 480. ముప్పది బస్తాలు మాయమైనవి. ఎవరును దొంగిలింపలేదు, ఎవరును కూడిక తప్పలేదు. రేపు వారిద్దరి చేతుల వేగము మారినచో వేరొక మొత్తము వచ్చును. శాస్త్రజ్ఞులు దీనిని డేటా రేస్ అందురు. మా మేనల్లుని యంత్రములో ఎనిమిది మంది గుమాస్తాలు ఒకే చిట్టాపై పడినారు.

ఈ వ్యాధికి చికిత్స వెదకిన వారిలో మన ప్రాంతపు విద్యాలయము ఒకటి ఉన్నదని చెప్పుటకు సంతోషించుచున్నాము. సంగారెడ్డి జిల్లా కందిలో నెలకొన్న హైదరాబాదు ఐ.ఐ.టి. 2008లో ఆరంభమైనది. అచ్చటి ఆచార్యులు రామకృష్ణ ఉపద్రష్ట, పరిశోధకులు ఉత్పల్ బోరా, వారి సహచరులు కలిసి ఎల్.ఎల్.ఓ.వి. అను పరీక్షా సాధనమును నిర్మించి, 2020లో దానిని గూర్చి పరిశోధన పత్రము ప్రకటించినారు. ఓపెన్ ఎం.పి. పంక్తులున్న ప్రోగ్రామును నడుపకయే చదివి, పనివారు ఒకే చిట్టాపై పడు చోటు కలదేమో చెప్పుట ఆ సాధనము పని. నడిపి చూచుట చాలదా అని అడుగవచ్చును. చాలదు. ఇద్దరు గుమాస్తాల చేతులు ఒకే క్షణమున కలిసిన దినమున మాత్రమే తప్పు బయటపడును. నూరు దినములు కలియక పోవచ్చును. చిట్టా వ్రాయు విధమును ముందుగనే పరీక్షించుట వేరు. ఎల్.ఎల్.ఓ.వి. ఒక మనుష్యుని హామీని తీసికొని “ఇది నిజమేనా?” అని ప్రశ్నించుచున్నది. ఒడంబడిక కంపైలరుపై మోపని బాధ్యతను వీరు తమ తలకెత్తుకొన్నారు.

మరియొక దారియు ఉన్నది. నేడు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులైన ఉదయ్ బొంధుగుల అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచుండగా, 2008లో ప్లూటో అను సాధనమును ప్రకటించినారు. దీనికిని ప్రాగ్మాలు కలవు: పరిశీలింపవలసిన భాగము ఎక్కడ మొదలగునో, ఎక్కడ ముగియునో తెలుపు రెండు గుర్తులు. ఆ గుర్తుల నడుమనున్న లెక్కలో ఏ పని దేనిపై ఆధారపడినదో ప్లూటో గణితముతో తేల్చుకొని, పంచదగిన చోట “పంచుము” అను ఓపెన్ ఎం.పి. పంక్తిని తానే వ్రాయును. అనగా హామీ ఇచ్చు పనిని చాల వరకు మనుష్యుని నుండి గణితమునకు మార్చినది. గుర్తు పెట్టుట మనుష్యుని వంతు. పనుల సంబంధము తేల్చుట యంత్రము వంతు.

ఇంతవరకు చెప్పిన నిర్దేశములు ప్రోగ్రాము కాగితముపైననే కనబడునవి. అంతకన్న చిక్కైనవి కాగితముపై కనబడనివి: అనువదించునపుడు కంపైలరుకు ప్రక్కన చెప్పు మీటలు. వీటిలో ప్రసిద్ధమైనది ఫాస్ట్ మ్యాథ్. దాని కథకు ముందు ఒక పాత కథ చెప్పవలెను. యంత్రము దశాంశ లెక్కలలో ఇన్ని అంకెలే నిలుపుకొనగలదు. సాధారణముగా పదునైదు, పదునారు. గొప్ప మొత్తమునకు చిన్న అంకెను కూడినపుడు చిన్నదాని కొసలు రాలిపోవును. 1965లో విలియం కహాన్ అను గణితజ్ఞుడు ఒక ఉపాయము ప్రకటించినాడు. రాలిపోయిన చిల్లరను ప్రతిమారు ఒక ప్రక్క సంచిలో వేసికొని, తరువాతి కూడికలో దానిని తిరిగి చేర్చుట ఆ ఉపాయము. లక్షల కూడికల పిమ్మటను మొత్తము చెదరదు.

ఫాస్ట్ మ్యాథ్ అను మీట కంపైలరుతో ఏమనును? “బడిలో నేర్చిన బీజగణితము యంత్రపు అంకెలకును వర్తించునని అనుకొనుము, కూడికల క్రమమును ఇచ్చవచ్చినట్లు మార్చుకొనుము” అనును. బీజగణితము ప్రకారము కహాన్ చిల్లర సంచిలో ఎల్లప్పుడు ఉండవలసినది సున్న. కావున కంపైలరు ఆ సంచియే అనవసరమని తీసి పారవేయవచ్చును. లెక్కను కాపాడుటకు వ్రాసిన వాక్యములు కాగితముపై అట్లే ఉండును. యంత్రములో మాత్రము ఉండవు. చదువరికి కాగితము ఒకటి చెప్పును, యంత్రము మరియొకటి చేయును.

ఇంకొక విపరీతము. ఒక గ్రంథాలయ ప్రోగ్రామును ఈ మీటతో అనువదించినచో, జి.సి.సి. కొన్ని యంత్రములలో ఆ గ్రంథాలయము ఎక్కిన క్షణముననే అతి చిన్న అంకెలను సున్నగా చూడుమని ప్రాసెసరునకు చెప్పెడిది. ఆ మాట తనకు మాత్రమే గాక, తనను పిలిచిన ప్రోగ్రామునకును వర్తించెడిది. పొరుగింటివారు వేసికొన్న మీటతో మన యింటి దీపము మసకబారినట్లు! 2023లో వెలువడిన జి.సి.సి. 13వ కూర్పులో దీనిని సరిదిద్దినారు. హామీకి హద్దు ఉండవలెనని 1988లో రిచీ లేఖ వలన తేలిన సంగతియే ముప్పది అయిదేండ్ల పిమ్మట మరల నిరూపితమైనది.

మీటలు కీడునకే గాక రక్షణకును పనికివచ్చును. 2009లో లినక్స్ కెర్నెల్‌లోని ఒక భాగమున ప్రమాదకరమైన లోపము బయటపడినది. ఒక చిరునామా శూన్యమేమో అని పరీక్షించు వాక్యము అచట ఉన్నది. కాని ఆ పరీక్షకు ముందుగనే ఆ చిరునామాను ఒకమారు వాడినారు. వాడినారు గనుక అది శూన్యము కాదని కంపైలరు తర్కించి, కాపలా వంటి ఆ పరీక్షను తొలగించినది. భాషా ప్రమాణము ప్రకారము కంపైలరుది తప్పు కాదు. ఆ పిమ్మట కెర్నెల్ వారు “ఇట్టి పరీక్షలను తొలగింపకుము” అను మీటను తమ అనువాదమునకు శాశ్వతముగా చేర్చుకొన్నారు. లినక్స్ వ్రాయబడినది సి భాషలోనే. అయినను అది ప్రమాణ గ్రంథములోని సి కాదు, ఆ మీటలతో కలిసిన సి. మీటల పట్టిక లేక ఆ ప్రోగ్రామును చదివినవాడు సగము మాత్రమే చదివినట్లు.

చివరకు ప్రమాణ సంఘమే ఈ విషయమున ఒక మాట అన్నది. సి23 అని పేరొందిన కూర్పు 2024లో అంతర్జాతీయ ప్రమాణముగా ప్రచురితమైనది. దానిలో నిర్దేశములు వ్రాయుటకు జంట చదరపు కుండలీకరణములతో క్రొత్త ఆట్రిబ్యూట్ విధానము చేర్చినారు. 2011లో సి ప్లస్ ప్లస్ భాషలో వచ్చిన పద్ధతి ఇది. ప్రమాణము తాను పేర్కొన్న ఆట్రిబ్యూట్లకు ఒక నియమము పెట్టినది: నియమబద్ధమైన ప్రోగ్రాము నుండి వాటిని తీసివేసినను అది నియమబద్ధముగనే నిలువవలెను. 1957 నాటి ఫ్రీక్వెన్సీ వాక్యము పాటించిన మర్యాద ఇన్నాళ్ళకు శాసనమైనది. ప్రాగ్మాలకు మాత్రము ఈ నియమము వర్తింపదు. అవి ఇంకను మునుపటి వలెనే ఉన్నవి.

ఇంతకు నిర్దేశము అర్థమును మార్చవచ్చునా? మా అభిప్రాయము ఇట్లున్నది. సలహాయైనచో మార్చరాదు, దానిని విస్మరించుటకు కంపైలరుకు స్వేచ్ఛ ఉండవచ్చును. ఆజ్ఞయైనచో మార్చును, మార్చవలెను. కాని దానిని గ్రహింపలేని కంపైలరు మౌనముగా దాటిపోరాదు. హామీయైనచో అది కాగితముపై కనబడవలెను, దానికి హద్దు ఉండవలెను, పరీక్షింపగల చోట దానిని పరీక్షింపవలెను. ఈ మూడింటిని ఒకే రూపమున వ్రాయుటయే పొరపాటు. వేగము కావలెనను కోరిక తప్పు కాదు. వాతావరణపు లెక్కలు, వంతెనల లెక్కలు, వైద్యపరీక్షల లెక్కలు వేగముగా తెమలవలసినవే. కాని ఆ లెక్కలను నమ్మి బ్రతుకువారు కంపైలరు మీటలను చూడబోరు. వారికి కావలసినది కాగితముపై వ్రాసినది జరుగునను భరోసా.

మా మేనల్లునికి కందిలో జరిగిన పనిని గూర్చి చెప్పితిమి. అతడు ఆ రాత్రి కూర్చుండి, ప్రతి గుమాస్తాకు వేరువేరు చిట్టా ఇచ్చి చివరకు అన్నిటిని కలుపవలెనను రిడక్షన్ అను మాటను తన పంక్తికి చేర్చినాడు. ఇరువది మారులు నడిపినాడు. ఇరువది మారులును ఒకే మొత్తము. పిమ్మట ఆ పంక్తినంతయు తీసివేసి మరల నడిపినాడు. మొత్తము మారలేదు.

“ఇప్పుడు ఉన్నా అదే లెక్క, లేకున్నా అదే లెక్క. గిప్పుడు దీన్ని నమ్మొచ్చు మామా,” అన్నాడు.

అవి పూర్ణాంకములు గనుక అట్లు కుదిరినదనియు, దశాంశములైనచో కూడిక క్రమము మారి కొసలలో కొంత తేడా రావచ్చుననియు మేము చెప్పితిమి. అతడు ఆ సంగతిని పుస్తకములో వ్రాసికొన్నాడు. తీసివేసి చూచి, లెక్క నిలుచునా లేదా అని తెలిసికొను ఈ అలవాటు ప్రోగ్రాములు వ్రాయు మన యువకులందరకు కలుగవలెనని మా ఆకాంక్ష.